స్టీరింగు తోలుకు వైద్యం

పోయిన వేసవిలో ఒక ఆదివారం ఉదయం నా పాత శిష్యుడు ఒకడు మా ఇంటికి వచ్చాడు. అతను అద్దెకారు నడుపుతాడు. అప్పు చేసి కొనుక్కున్న పాత కారు. ఆ కారే అతని కుటుంబానికి అన్నం పెడుతున్నది. వస్తూనే, "మాస్టారూ, మీరు చెప్పినట్లే చేశాను. నిన్న ప్రాణం మీదికి వచ్చింది" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. సంగతేమిటంటే, అంతకు వారం ముందు అతను బజారులో కనబడి, "స్టీరింగు మీది తోలు అరిగి గరుకెక్కింది మాస్టారూ. రంగు కూడా పోయింది. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. నేను పెద్దగా ఆలోచించలేదు. "ఎండిపోయి ఉంటుంది. కాస్త కొబ్బరినూనె రాయరా" అన్నాను. గురువు మాట గదా అని అతను రెండు పూటలా నూనె పట్టించాడు. ఒక మలుపు దగ్గర చెయ్యి సర్రున జారింది. చక్రం తిరగవలసినంత తిరగలేదు. కారు రోడ్డు దిగి మట్టిలో ఆగింది. వెనుక సీటులో ఒక తల్లీ, చంటిబిడ్డా ఉన్నారట. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు.

పిల్లలూ! నేను ఎన్నో ఏళ్ళుగా విజ్ఞానశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. "ముందు పరిశీలించండి, తరువాత నిర్ణయానికి రండి" అని వందలసార్లు బోర్డు మీద రాశాను. ఆ రోజు మాత్రం రోగం చూడకుండానే మందు చెప్పాను. ఆ పొరపాటును ఎలా దిద్దుకున్నామో, దానివల్ల తోలును గురించి ఏమేమి తెలుసుకున్నామో మీకు చెప్తాను.

రెండు నీటిచుక్కలు

మా బజారులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన తండ్రీ తాతా కూడా తోలుపని చేసినవాళ్ళే. బడిలో చదివింది తక్కువ. తోలును చేత్తో తాకి దాని గుణం చెప్పగలడు. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

పెద్దాయన కారులో కూర్చుని స్టీరింగును ముందు గుడ్డతో గట్టిగా తుడిచాడు. తరువాత వేలిని నీటిలో ముంచి రెండుచోట్ల ఒక్కొక్క చుక్క పెట్టాడు. ఒకటి చక్రం అడుగు భాగాన, నున్నగా మెరుస్తున్నచోట. రెండోది కుడిచెయ్యి ఎప్పుడూ ఆనే చోట, గరుకుగా ఉన్న అంచున. మొదటి చుక్క ముత్యంలాగా గుండ్రంగా నిలిచింది. రెండోది మెల్లగా లోపలికి ఇంకి, అక్కడి తోలు నల్లబడింది.

"తోలు బాగానే ఉన్నది పంతులుగారూ. దాని పైచొక్కా చినిగింది, అంతే. చొక్కా ఉన్నకాడ తోలుకు నోరు మూసేసి ఉంటది. నూనె పోస్తే ఎట్టా తాగుద్ది? పైనే ఉండి జారుద్ది" అన్నాడు.

రెండు నీటిచుక్కలతో ఆయన చెప్పిన మాటలో పెద్ద శాస్త్రం ఉంది. అది అర్థం కావాలంటే మనం ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి.

తోలు అంటే ఏమిటి?

చచ్చిన పశువు చర్మాన్ని అలాగే వదిలేస్తే రెండుమూడు రోజుల్లో కుళ్ళిపోతుంది. ఎండబెడితే కుళ్ళదు గాని, కొయ్యలాగా బిర్రబిగుసుకుపోతుంది. నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడి కుళ్ళుతుంది. మరి అదే చర్మంతో చేసిన చెప్పు వానలో తడిసినా, ఎండలో ఎండినా ఏళ్ళ తరబడి ఎలా ఉంటున్నది?

చర్మంలో పై పొర, మధ్య పొర, అడుగున మాంసానికి అంటుకున్న పొర అని మూడు ఉంటాయి. తోలు తయారీకి కావలసింది మధ్య పొర మాత్రమే. పచ్చి చర్మాన్ని సున్నపునీటిలో నానబెట్టి వెంట్రుకలనూ పై పొరనూ తీసేస్తారు. అడుగున ఉన్న మాంసాన్ని గీకేస్తారు. మిగిలిన మధ్య పొర అంతా పీచు. ఈ పీచు కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో తయారైంది. మన చర్మంలోనూ, ఎముకల్లోనూ, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువుల్లోనూ ఉండేది ఇదే.

కొల్లాజెన్ అణువు చూడడానికి మన నులకతాడు లాంటిది. మూడు పొడవైన గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఒక్కొక్క గొలుసులోనూ ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నిటిలో అదే చిన్నది. కాబట్టే మూడు గొలుసులూ అంత దగ్గరగా మెలిపడగలుగుతాయి. ఈ ముప్పేట నిర్మాణాన్ని 1954లో ప్రపంచానికి మొదట చూపినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే భారతీయ శాస్త్రజ్ఞులు.

పచ్చి చర్మంలో ఈ తాళ్ళ మధ్య నీరు నిండి ఉంటుంది. నీరు ఉన్నంతకాలం సూక్ష్మజీవులు తింటాయి, కనుక చర్మం కుళ్ళుతుంది. నీరు పోతే తాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కనుక బిగుసుకుంటుంది. ఈ రెండు కష్టాలూ తప్పాలంటే, తాళ్ళ మధ్య నీటి స్థానంలోకి ఇంకొక పదార్థాన్ని పంపించి, తాడుకూ తాడుకూ ముడివెయ్యాలి. దీన్నే తోలును పదును చేయడం అంటారు.

వగరుకూ తోలుకూ చుట్టరికం

పచ్చి అరటికాయ ముక్కను కొరికితే నోరంతా వగరెక్కి నాలుక బిగుసుకుపోయినట్లు అవుతుంది గదా! ఎందుకని? కాయలోని టానిన్లు అనే పదార్థాలు మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోటిలోని జారుడుతనం పోతుంది. ఆ స్పర్శనే మనం వగరు అంటున్నాం.

మన పూర్వులు చర్మానికి చేసిన వైద్యం సరిగ్గా ఇదే. కరక్కాయ, తుమ్మ చెక్క, తంగేడు చెక్క ఈ మూడింటిలోనూ టానిన్లు బాగా ఉన్నాయి. వీటిని దంచి నీళ్ళలో వేసి, ఆ నీళ్ళున్న లందలో చర్మాలను రోజుల తరబడి నానబెట్టేవారు. టానిన్లు కొల్లాజెన్ తాళ్ళ మధ్యకు చేరి వాటిని కలిపి పట్టుకునేవి. బతుకమ్మలో పేర్చే పచ్చని తంగేడుపువ్వు మీకు తెలుసు. తెలంగాణ రాష్ట్ర పుష్పం అది. ఆ పొద చెక్కే ఎన్నో తరాలపాటు దక్షిణ భారతంలో తోళ్ళ పనికి ఆధారం.

ఈ కాలంలో ఎక్కువ తోళ్ళను క్రోమియం లవణాలతో పదును చేస్తున్నారు. లందలో వారాలు పట్టే పని ఇప్పుడు ఒకటి రెండు రోజుల్లో పూర్తవుతుంది. క్రోమియం వేసే ముడి చాలా గట్టిది. పచ్చి చర్మాన్ని నీటిలో వేడిచేస్తే 60, 65 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే ముడుచుకుపోతుంది. క్రోమియంతో బాగా పదునైన తోలు మరిగే నీటికి కూడా తట్టుకుంటుంది. కారుల్లో వాడే తోలుకు కొందరు క్రోమియం లేని ఇతర పద్ధతులు కూడా అనుసరిస్తున్నారు.

తోళ్ళ పరిశోధన అనగానే మన తెలుగువారికి గుర్తుకు రావలసిన పేరు యలవర్తి నాయుడమ్మ. ఆయన 1922లో తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో పుట్టారు. 1948లో మద్రాసులో నెలకొల్పిన కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థకు తరువాత సంచాలకులై దానికి ప్రపంచఖ్యాతి తెచ్చారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. పరిశోధనాలయంలో కనుగొన్నది లంద దగ్గర నిలబడి పనిచేసే మనిషికి అందాలని ఆయన తపనపడ్డారు.

పైనున్న చొక్కా

ఇక మన స్టీరింగు దగ్గరికి వద్దాం. పదునైన తోలుకు నూనెల మిశ్రమం పట్టించి మెత్తబరుస్తారు. రంగునీటిలో ముంచి రంగు ఎక్కిస్తారు. చెప్పుల తోలుకు చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. కాని కారులోని తోలు రోజూ ఎండకూ, చెమటకూ, రాపిడికీ గురి అవుతుంది. అందుకని దాని మీద మరి రెండు పూతలు వేస్తారు. మొదటిది రంగుపూత. సన్నని రంగుపొడిని సాగే గుణమున్న ప్లాస్టిక్ జిగురులో కలిపి పూస్తారు. రెండోది దాని మీద రంగులేని రక్షణపూత. ఇది సాధారణంగా పాలీయురితేన్ అనే పదార్థం.

స్టీరింగు మీది తోలు మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఈ రెండు పూతలూ కలిపితే సాధారణంగా మన తలవెంట్రుక మందం పాటి. మనం స్టీరింగు పట్టుకున్నప్పుడు నిజానికి తాకుతున్నది తోలును కాదు, వెంట్రుక మందపు ఈ చొక్కానే అన్నమాట!

పెద్దాయన పెట్టిన మొదటి చుక్క ఎందుకు ఇంకలేదో ఇప్పుడు తెలిసింది. పూత ఉన్నచోట నీరు లోపలికి పోదు. పూత పోయినచోట పీచు బయటపడింది. పీచుల సందుల్లోకి నీరు కేశనాళికల్లోకి ఎగబాకినట్లే పాకిపోయింది. కొబ్బరినూనె కూడా అంతే. అరిగినచోట కొంత ఇంకింది. మిగిలిన చక్రమంతా పూత మీదనే జిడ్డుగా నిలిచి, చేతికీ చక్రానికీ మధ్య ఘర్షణను తగ్గించింది. స్టీరింగును మనం తిప్పగలుగుతున్నది ఘర్షణ ఉండబట్టే గదా! యంత్రంలో ఇరుసుకు నూనె వెయ్యడం ఎంత మంచిదో, స్టీరింగు చక్రానికి రాయడం అంత ప్రమాదం.

చొక్కా ఎందుకు చినిగింది?

సీట్ల మీది తోలు బాగానే ఉంటుంది, స్టీరింగు మీదిదే ముందు పాడవుతుంది. దీనికి కారణాలు అనేకం.

మొదటిది రాపిడి. చేతులు రోజూ ఒకే చోట ఆనుతాయి. ఉంగరం, గాజు, పొడుగు గోరు ఉంటే గీతలు పడతాయి. నా శిష్యుని కుడిచేతికి ఉంగరం ఉంది. ఎక్కువ అరిగింది ఆ వైపే!

రెండవది చెమట. శరీరంలో చెమటగ్రంథులు చాలా ఎక్కువగా ఉండే చోట్లలో అరచెయ్యి ఒకటి. చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా ఉంటాయి. తమాషా ఏమిటంటే అరచేతిలో నూనెగ్రంథులు అసలే లేవు. అయినా స్టీరింగు మీద జిడ్డు పేరుకుంటుంది. ముఖం తుడుచుకున్న చెయ్యి, తల సవరించుకున్న చెయ్యి, పకోడీలు తిన్న చెయ్యి ఆ జిడ్డును మోసుకొస్తాయి. దానికి దుమ్ము తోడైతే సన్నని ఎమరీ కాగితం తయారైనట్లే.

మూడవది ఎండ. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో స్టీరింగు వేడి 50 డిగ్రీల సెంటిగ్రేడు దాటగలదు. పక్క అద్దాల గుండా వచ్చే అతినీలలోహిత కిరణాలు పూతలోని పొడవైన అణువులను క్రమంగా తెంపుతాయి. పూత సాగే గుణం కోల్పోయి పెళుసెక్కుతుంది.

నాలుగవది ఆల్కహాలు. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి చాలామంది చేతికి శానిటైజరు రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. అది ఆరకముందే స్టీరింగు పట్టుకుంటే అందులోని ఆల్కహాలు రక్షణపూతను మెత్తబరుస్తుంది. మెత్తబడిన పూత త్వరగా అరుగుతుంది.

వైద్యం మొదలు

రోగం తెలిసింది, ఇక మందు. పూత మాత్రమే పోయింది కనుక, మళ్ళీ పూతే వెయ్యాలి. అయితే దానికి ముందు నేను పట్టించిన కొబ్బరినూనెను బయటికి తీయాలి. జిడ్డు మీద రంగు నిలవదు.

"సుద్దపొడి అద్దండి" అన్నాడు పెద్దాయన. మా దగ్గర సుద్దముక్కలకు కొరత ఏముంది? మెత్తగా నూరి అరిగినచోట మందంగా అద్ది రాత్రంతా ఉంచాము. సుద్దపొడి రేణువుల సందులు తోలుపీచుల సందులకంటే నూనెను బాగా లాగాయి. పొద్దున దులిపితే తెల్లని పొడి పచ్చగా, జిడ్డుగా వచ్చింది. మూడు రాత్రులు అలా చేశాము.

తరువాత పని ఈ వరుసలో సాగింది.

1. శుభ్రం చేయడం. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కలు మెత్తని షాంపూ కలిపి, ఆ నురుగుతో మాత్రమే తుడిచాము. నీళ్ళు కారనివ్వలేదు. బట్టల సబ్బు, సోడా ఎందుకు వాడకూడదు? తోలు కొద్దిగా ఆమ్లగుణం కలది. బట్టల సబ్బుది క్షారగుణం. క్షారం తోలు పీచును ఉబ్బించి, లోపలి ముడులను బలహీనపరుస్తుంది. తడిగుడ్డతో సబ్బు పోయేదాకా తుడిచి ఆరనిచ్చాము. చివరగా అరిగినచోట మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో ఒక్కసారి తేలికగా తుడిచాము. శానిటైజరు చెడ్డదని ఇందాక చెప్పాను గదా, మరి ఇదేమిటి అంటారేమో! ఇక్కడ మిగిలిన జిడ్డునూ, ఊడబోతున్న పాతపూతనూ తీయడమే మనకు కావలసింది. అదే గుణం ఒకచోట దోషం, ఇంకొకచోట ఉపకారం.

2. నునుపు చేయడం. అరిగినచోట పీచు లేచి చేతికి గరుగ్గా తగులుతుంది. 800 నంబరు ఎమరీ కాగితంతో, తరువాత 1200 నంబరుతో మెల్లగా రుద్దాము. ఈ నంబరు ఎంత ఎక్కువైతే గరుకు రేణువులు అంత సన్నవి. పాతపూత అంచులను కూడా వాలుగా రుద్దాలి. లేకపోతే కొత్తపూత వేసినా అంచు గీతలాగా కనబడుతుంది. పిల్లల్లో ఒకడు ఉత్సాహంగా గట్టిగా రుద్దబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని, "నిద్రపోయే బిడ్డ బుగ్గ తుడిచినట్టు తుడవాల" అన్నాడు.

3. గుంటలు పూడ్చడం. ఉంగరం గీసిన రెండు లోతైన గీతల్లో తోలుకోసం అమ్మే మెత్తని లప్పాన్ని పలుచగా పూశాము. ఆరినాక మళ్ళీ నునుపు చేశాము. గోడకు పెట్టే లప్పం పనికిరాదు. అది సాగదు. తోలు వంగినప్పుడు పగిలి రాలిపోతుంది.

4. రంగు వేయడం. తోలుకోసం తయారైన, నీటితో కలిసే రంగును పట్నం నుంచి తెప్పించాము. చిన్న స్పాంజితో అద్దుతూ, ఒక పలుచని పూత ఆరిన తరువాతే ఇంకొకటి. ఇలా నాలుగు పూతలు.

5. రక్షణపూత. రంగు బాగా ఆరినాక, మెరుపు లేని పాలీయురితేన్ పూతను మూడుసార్లు పలుచగా వేశాము. మెరిసే పూత అయితే ఎండపడినప్పుడు నడిపేవాని కళ్ళలోకి వెలుగు కొడుతుంది. పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ స్టీరింగును ఎవరినీ తాకనివ్వలేదు. ఆ తరువాత కూడా వారంపాటు నీళ్ళు, సబ్బు తగలనివ్వవద్దని చెప్పాము.

పలుచగానే ఎందుకు?

"మాస్టారూ, ఒక్కసారే మందంగా పూస్తే పని త్వరగా అయిపోదా?" అని మా బడి పిల్లల్లో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న!

ఈ రంగు చూడడానికి చిక్కని పాలలాగా ఉంటుంది. నిజంగా పాలలాంటిదే. పాలలో వెన్న బిందువులు తేలుతున్నట్లు, ఇందులో కంటికి కనబడని ప్లాస్టిక్ గుళికలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరైపోతున్నకొద్దీ గుళికలు దగ్గరకు జరుగుతాయి. చివరికి ఒకదానినొకటి నొక్కుకుని, కలిసిపోయి, ఒకే పొర అవుతాయి. పాకంలో తడిసిన బూందీని గట్టిగా నొక్కితే లడ్డు అయినట్లే. కాని లడ్డులో బూందీ విడివిడిగా కనబడుతుంది. ఇక్కడ గుళికల మధ్య హద్దులే చెరిగిపోతాయి.

మందంగా పూస్తే ఏమవుతుంది? కాచిన పాల మీద మీగడ కట్టినట్లు పైన పొర ముందు కట్టేస్తుంది. అడుగున నీరు చిక్కుబడుతుంది. అది తరువాత బయటికి రావడానికి పెనుగులాడేసరికి పొర ముడతపడుతుంది, పగులుతుంది. అందుకని ఓపికే ఇక్కడ సగం విద్య.

బూటు పాలిష్ పనికిరాదా?

చాలామంది అరిగిన స్టీరింగుకు నల్ల బూటు పాలిష్ పెడతారు. మొదటి రోజు కొత్తదానిలాగా మెరుస్తుంది. రెండో రోజు చొక్కా కఫ్ఫులు నల్లబడతాయి. బూటు పాలిష్‌లో ప్రధానంగా ఉండేవి మైనం, రంగు, ఆవిరైపోయే ద్రావకం. ద్రావకం పోయాక మైనం తోలు మీద పూసుకుని ఉంటుందే గాని, పీచుకు అతుక్కున్న పొరగా మారదు. ఎండకు మెత్తబడుతుంది. చేతి రాపిడికి ఊడి వస్తుంది. పైగా మైనం కూడా జారేదే. కాలికి వేసుకునే బూటును మనం అరచేత్తో పట్టుకుని తిప్పం గదా! ఒకే తోలుకు రెండుచోట్ల రెండు వైద్యాలు.

తోలేనా, కాదా?

ఇంకొక సంగతి. తోలులా కనబడేదంతా తోలు కాదు. రెక్సిను వంటివి గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసి తోలులాగా గీతలు ఒత్తినవి. అరిగినచోట పొరలు పొరలుగా పెచ్చులూడి, కింద నేసిన గుడ్డ కనబడితే అది కృత్రిమం. పీచు పీచుగా లేస్తే అసలు తోలు. కృత్రిమమైనది పెచ్చులూడడం మొదలుపెట్టిన తరువాత రంగు వేసినా నిలవదు. పక్కనున్న పాత పొర కూడా ఊడుతూనే ఉంటుంది. దానికి కొత్త తొడుగు కుట్టించడమే మేలు. అలాగే అసలు తోలైనా కుట్టు తెగిపోయినా, తోలే చిరిగినా పూతలతో లాభం లేదు. ఆరె పట్టిన మనిషి దగ్గరికి వెళ్ళవలసిందే.

మీరూ చేసి చూడండి

ప్రయోగం 1: ఒక పాత తోలు చెప్పు, ఒక రెక్సిను సంచి, పూత వేసిన ఒక తోలు బెల్టు తీసుకోండి. ఒక్కొక్కదాని మీద ఒక నీటిచుక్క పెట్టి ఐదు నిమిషాలు చూడండి. ఏది ఇంకింది? ఏది నిలిచింది? బెల్టు బొక్కల దగ్గర అరిగినచోట కూడా పెట్టి చూడండి. పట్టిక గీసి రాయండి.

ప్రయోగం 2: కేకుల సామాను అమ్మే దుకాణంలో జెలటిన్ పొడి దొరుకుతుంది. కొల్లాజెన్‌ను ఉడికించగా వచ్చేదే జెలటిన్. అర చెంచా పొడిని అర గ్లాసు గోరువెచ్చని నీటిలో కరిగించండి. రెండు కరక్కాయలు దంచి నీటిలో మరగబెట్టి, వడగట్టి, చల్లార్చండి. ఈ కషాయాన్ని జెలటిన్ నీటిలో కొద్దికొద్దిగా పొయ్యండి. తేటగా ఉన్న నీరు మబ్బులాగా విరిగి ముద్దలు కడుతుంది. టానిన్లు మాంసకృత్తును పట్టుకోవడం మీరు కళ్ళారా చూస్తున్నారన్నమాట! లందలో జరిగేది ఇదే.

ప్రయోగం 3: రెండు రెక్సిను ముక్కలు తీసుకోండి. ఒకదానికి బూటు పాలిష్ పెట్టండి. రెండోదానికి నీటితో కలిసే అక్రిలిక్ రంగును పలుచగా పూసి ఒక రోజు ఆరనివ్వండి. రెండింటినీ అరగంట ఎండలో ఉంచి, తెల్లగుడ్డతో పదేసిసార్లు తుడవండి. ఏ గుడ్డ ఎక్కువ నల్లబడింది?

జాగ్రత్త!

స్టీరింగు మరమ్మతును మీరు ఒంటరిగా చెయ్యబోకండి. పెద్దవాళ్ళ సమక్షంలోనే, కారు ఆపి, తాళంచెవి తీసిన తరువాతే చెయ్యాలి. ఇప్పటి కారుల్లో చాలావాటికి స్టీరింగు మధ్యలో ఎయిర్‌బ్యాగ్ అనే గాలిసంచి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు అది రెప్పపాటులో పేలినట్లు ఉబ్బి మనిషిని కాపాడుతుంది. అలాంటిదాన్ని తెలియక కదిలిస్తే అదే గాయపరుస్తుంది. అందుకని స్టీరింగు మరలు విప్పకూడదు. మధ్య మూత మీద రంగు గాని, తొడుగు గాని వెయ్యకూడదు. హారను, మీటల సందుల్లోకి నీరు పోకుండా కాగితపు టేపు అంటించాలి. ఆల్కహాలు మండే పదార్థం. నిప్పు దగ్గర తెరవకూడదు. పనిచేసేటప్పుడు కారు తలుపులన్నీ తీసి ఉంచాలి. వదులుగా ఉండే స్టీరింగు తొడుగులు కూడా నూనెలాగే ప్రమాదం. చేతిలో తొడుగు తిరుగుతుంది, చక్రం తిరగదు.

ఆఖరి మాట

పని పూర్తయిన మర్నాడు పెద్దాయన మళ్ళీ ఒక నీటిచుక్క పెట్టాడు. బాగుచేసిన చోట! అది ముత్యంలాగా నిలిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. శిష్యుడు చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జారడం లేదు మాస్టారూ" అన్నాడు. స్టీరింగే మార్చాలంటే అతని నెల సంపాదన పోయేది. ఇప్పుడు దానిలో చిన్నభాగం కూడా కాలేదు.

నిజం చెప్పాలంటే అది పూర్తిగా కొత్తదానిలాగా లేదు. వెలుతురులో పరికించి చూస్తే పాతరంగుకూ కొత్తరంగుకూ కొంచెం తేడా తెలుస్తుంది. ఆరు నెలల తరువాత ఉంగరం తగిలేచోట పూత మళ్ళీ పలుచబడింది. ఈసారి అతనే రక్షణపూత ఒకటి వేసుకున్నాడు. ఉంగరం ఎడమచేతికి మార్చుకున్నావా అని అడిగితే, "తీసి ఇంట్లో పెట్టాను" అన్నాడు నవ్వుతూ. ఎండలో కారు నిలిపితే స్టీరింగు మీద తువ్వాలు కప్పుతున్నాడు. వారానికొకసారి తడిగుడ్డతో తుడుస్తున్నాడు. నూనె జోలికి మాత్రం పోవడం లేదు.

ఆ రోజు డబ్బు ఇవ్వబోతే పెద్దాయన మొదట తీసుకోలేదు. "మీరు పిల్లకాయలకు పాఠం చెప్పారు, నేను సుద్దముక్కలు చెప్పాను" అన్నాడు. బలవంతాన చేతిలో పెట్టాము. తరువాత ఆయనను మా బడికి పిలిచి, తొమ్మిదో తరగతిలో నా కుర్చీలో కూర్చోబెట్టాము. ఆయన మొదట కూర్చోలేదు. ఆయన చిన్నతనంలో బడి గుమ్మం బయటే నిలబెట్టేవారట. తోలు తొక్కిన కాళ్ళని! ఆ తోలుతో కుట్టిన చెప్పులు మాత్రం ఊరందరి కాళ్ళకూ కావలసివచ్చాయి. అంటరానితనాన్ని మన రాజ్యాంగం నిషేధించింది. మనసుల్లోంచి దాన్ని తుడిచే పని మనది.

ఆయన నీటిచుక్క పెట్టినప్పుడు చేసింది ఒక ప్రయోగం. నేను కొబ్బరినూనె చెప్పినప్పుడు చేసింది ఒక ఊహ. ఆ రోజు శాస్త్రజ్ఞుడు ఎవరో మీరే చెప్పండి.